మంట కాడ ఎవరున్నరు

"పసుపు కడాయి సూసుకోనిది రాకెట్లకు చట్టాలు చెప్తదట," అన్నాడు మధుకర్ భార్యతో, కడాయి మీద కప్పిన చెరుకు ఆకును పక్కకు లాగుతూ. కొమ్ములు ఎక్కువ ఉడికి మెత్తగా చితికిపోయి, రంగు చెడి ఉన్నాయి. "రేపు నిజామాబాద్ లేదు, గిజామాబాద్ లేదు. ఇంకో కడాయి ఉడకాలె."

శిరీష కూలీలకు అన్నం వారుస్తూనే ఉంది. మంట దగ్గర వంతు ఆమెదే. కానీ పొద్దున అత్తగారు భూమవ్వ ఆమె చేతిలోంచి మంట ఎగదోసే కట్టెను తీసుకుని, "పోయి రాసుకో బిడ్డ, నేను సూస్త" అంది. ఆ ఇంట్లో ఆమెతో అలా అన్న మనిషి అత్తగారొక్కతే. ఆ పేరు ఎలా చెబుతుంది?

శిరీష నిజామాబాద్ లా కాలేజీలో పాఠం చెబుతుంది. రేపు అక్కడే సదస్సు. తన వ్యాసాన్ని ఎప్పటిలాగే ముందు అత్తగారికి వినిపించింది, ఆ మధ్యాహ్నం ఇద్దరూ చిక్కుడుకాయలు తుంచుతుండగా.

"పైసలు కట్టి అంతరిక్షంలకు పోయేటోళ్లతోని, ఏమన్నయితే మాదే పూచీ అని సంతకం తీసుకుంటున్నరు అత్తమ్మా. విమానాలు కొత్తగ వచ్చినప్పుడు గూడ గంతే. తర్వాత చట్టమొచ్చింది, నడిపే కంపెనీదే పూచీ అని."

"మంచిగ జేసిండ్రు."

"ఇంకోటి. విమానం పడితే, ఎవడు చేసిండని కాదు, ఎందుకయిందని అడుగుతరు. పైలట్ తన పొరపాటు తానే చెప్పుకుంటే చానా దేశాలల్ల శిక్ష ఎయ్యరు. చెప్తెనే గద, ఎనక వచ్చే విమానం పడకుంట ఉండేది. రాకెట్లకు గూడ గదే కావాలంటున్న."

భూమవ్వ చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. "చెప్పుకుంటే ఏమనరా?"

"అనరు."

రాత్రి కొడుకు కంచం ముందు కూర్చోగానే భూమవ్వ అంది: "మంట కాడ నేనున్న కొడుకా. కన్నంటుకుంది."

మధుకర్ ముద్ద ఆపాడు. "మరి పొద్దుగాల చెప్పవైతివేందవ్వా?"

"ఈ ఇంట్ల చెప్తే ఏమయితదో మీ బాపు ఉన్నప్పటి సంది ఎర్కనే."

దేశదేశాల నిపుణులు ఏళ్ల తరబడి కూర్చుని రాసుకున్న నియమాన్ని అత్తగారు ఒక్క పూటలో నమ్మిందనుకుంది శిరీష. ఇక అడగవలసింది ఒక్కటే మిగిలింది. ఆమెను ఈ ఇంట్లో ఎవరూ అడగనిది.

"ఎందుకు కన్నంటుకుంది అత్తమ్మా?"

భూమవ్వ వేళ్లు మడిచి లెక్కపెట్టింది. "కోడి కుయ్యకముందు లేసిన. బర్లు, పాలు, కూలోళ్లకు జొన్న గట్క, వీనికి చాయ. పొద్దటి సంది కూసున్నదంటే గా మంట కాడనే."

మధుకర్ ఆపిన ముద్దను కంచంలోనే పెట్టాడు.

"నేను రేపు మొదటి బస్సుకే పోత," అంది శిరీష.

భూమవ్వ కొడుకు కంచంలో ఇంకో గరిటె చిక్కుడు కూర వేసింది. "కొడుకా, రేపు మంట కాడ నువ్వు కూసో. నిద్రొస్తే చెప్పు. ఎవ్వరం ఏమనం."