దర్బిన్యాన్‌ల దాగలి

శనివారం మధ్యాహ్నం దాటిందంటే చాలు, ఆ ఊళ్ళో ఆడవాళ్ళు పింగాణీ కప్పుల మధ్య గుడ్డపీలికలు దూర్చడం మొదలుపెడతారు. ఊరగాయ సీసాలు అరల మీంచి దించి నేల మీద పెడతారు. గోడ మీది పటాల్లో ఉన్న పెద్దల్ని దించి మంచం మీద పడుకోబెడతారు. పొద్దు వాలగానే మాసిస్ కొండ కడుపులో సంకెళ్ళు కదులుతాయి మరి.

ఆ కొండ నదికి అవతల, ముళ్ళకంచెకు అవతల, ఇంకో దేశంలో ఉంది. చూడ్డానికే మనది, పోవడానికి కాదు. చప్పుడుకు మాత్రం ఏ కంచే అడ్డం రాదు. లోపల కట్టేసి ఉన్న పాతకాలపు రాజుగారి సంకెళ్ళను ఆయన కుక్కలు వారమంతా నాకుతూ ఉంటాయి. శనివారానికి ఇనుము పలచబడుతుంది. అప్పుడాయన గుంజుతాడు. తెగిందా, బయటికొచ్చి లోకాన్ని తగలబెడతాడు. అందుకని దర్బిన్యాన్ ఇంట్లో ఎవరో ఒకరు, నిప్పులేని కొలిమి ముందు నిలబడి, చల్లటి దాగలి మీద సుత్తితో మూడు దెబ్బలు వేస్తారు. సంకెళ్ళు బిగుస్తాయి. ఊరు గుడ్డపీలికలు తీసి కాఫీ కాచుకుంటుంది.

ఆ ఎవరో ఒకరు ఇప్పుడు వార్తుహి ఒక్కతే.

ఒకప్పుడు సగం ఊరు దర్బిన్యాన్‌లే. దర్బిన్ అంటే కమ్మరి, దర్బిన్యాన్ అంటే కమ్మరి బిడ్డలు. బళ్ళో పంతులు ఆ ఇంటిపేరు పిలిస్తే సగం బెంచీలు లేచి నిలబడేవట. ఎవరు ఎవరో తెలియక పొట్టి దర్బిన్యాన్, నత్తి దర్బిన్యాన్, మేకల దర్బిన్యాన్ అని చెప్పుకునేవాళ్ళు. గుర్రాలు పోయి మోటార్లు వచ్చాక నాడాలు ఎవరికి కావాలి? ఒక్కొక్కరే యెరెవాన్ చేరి డ్రైవర్లయ్యారు, దంతవైద్యులయ్యారు, పెళ్ళిళ్ళలో పాటగాళ్ళయ్యారు. నగరంలో ఏ వీధిలో చూసినా ఆ పేరు పలక ఒకటి కనబడుతుంది. ఊళ్ళో మాత్రం వార్తుహి మిగిలింది. పగలు ఆసుపత్రిలో నర్సు. నాన్న చనిపోయిన వారం నుంచీ శనివారాలు దాగలివి.

పెళ్ళిళ్ళన్నీ శనివారాలే కదండీ! స్నేహితురాళ్ళ పెళ్ళిళ్ళన్నీ ఆమె ఫొటోల్లోనే చూసింది. ఎదురింటి సతేనిక్ పిన్ని శనివారం మధ్యాహ్నమయ్యేసరికి సందు మొదట్లో స్టూలు వేసుకుని చిక్కుళ్ళు వలుస్తూ కూర్చుంటుంది.

"ఎక్కడికే బయల్దేరావ్?"

"చెత్త పారెయ్యడానికి పిన్నీ."

"పారేసి రా. చూస్తూనే ఉంటా."

కిందటేడు మఠం దగ్గర తిరునాళ్ళకు తేనె అమ్ముకోవడానికి అర్షవీర్ అనే అతను వచ్చాడు. కాల్లో మేకు దిగితే వార్తుహి కట్టు కట్టింది. అతనిది దక్షిణాన గోరిస్ కొండలు, ఇక్కణ్ణుంచి ఒక పూట ప్రయాణం. అప్పట్నుంచీ రోజూ ఫోను.

"ఆదివారం వచ్చి శుక్రవారం వెళ్ళిపోయే పెళ్ళాన్ని ఎక్కడైనా చూశావా?" అంటుంది వార్తుహి.

"నేనే వచ్చేద్దును. తేనెటీగల్ని మీ ఎండల్లోకి తెస్తే వారంలో చస్తాయి. నేను ఇంకో వారం బతుకుతానేమో."

నవ్వేవారు ఇద్దరూ. నవ్వు అయిపోయాక ఎవరూ ఫోను పెట్టేసేవారు కాదు.

ఊరివాళ్ళు మరీ రాతిగుండెవాళ్ళేం కాదు. నగరంలో ఇందరు దర్బిన్యాన్‌లున్నారు, ఒకణ్ణి పిలిపిస్తే సరిపోదా అనుకున్నారు. దంతవైద్యుడు కారెన్ కొత్త కారులో కోన్యాక్ బ్రాందీ సీసాతో దిగాడు. "ఇది రక్తంలో ఉండే విద్య అక్కా, నేర్చుకునేది కాదు" అని చొక్కా చేతులు మడిచాడు. కొట్టాడు. సంకెళ్ళు ఇంకాస్త గట్టిగా మోగాయి. ఎవరింట్లోనో సీసా పగిలింది.

"పళ్ళు పీకే చెయ్యి చూసి ఇనుము భయపడుతుందటే!" అంది సతేనిక్ పిన్ని.

తర్వాత ట్యాక్సీ దర్బిన్యాన్ తన కొడుకుల్ని వెంటేసుకుని వచ్చాడు. వాళ్ళు వంతులవారీగా కొట్టి, ఫొటోలు దిగి, బొబ్బలు చూసుకుంటూ పోయారు. ప్రతిసారీ చివరికి సుత్తి వార్తుహి చేతికే వచ్చింది. ఆమె కొడితేనే కొండ ఊరుకుంది. "చూశావా, నీకే రాసిపెట్టి ఉంది" అన్నారు అందరూ, ఎంతో ప్రేమగా. ఆ ప్రేమకు ఆమెకు ఊపిరాడలేదు.

గుడికెళ్ళి ఇసుకలో కొవ్వొత్తి గుచ్చి ఘెవోండ్ అయ్యగారిని అడిగింది. "దేవుడే నన్ను ఈ దాగలికి కట్టేశాడా అయ్యగారూ?"

ఆయన గడ్డం నిమురుకున్నాడు. మంచి గురువు అబద్ధమాడడు కదా.

"దేవుడు కట్టాడో, ఊరు కట్టిందో నాకు తెలీదమ్మా. మీ మూలపురుషుడికి మాత్రం ఇంటిపేరే లేదు. కంచర గాడిద మీద దాగలి వేసుకుని నది దాటొచ్చాడు. ఇక్కడే భార్య ప్రసవించింది. ఈ చప్పుడుకి పసిబిడ్డ ఉలిక్కిపడి పాలు తాగలేదు. ఒళ్ళుమండి, కొండను తిడుతూ దాగలిని మూడు బాదాడు. ఆగిపోయింది. అప్పుడు జనం అతన్ని దర్బిన్ అన్నారు, పిల్లల్ని దర్బిన్యాన్‌లన్నారు. ప్రతి పెళ్ళిలో ఈ కథ చెప్పి గ్లాసులెత్తుతాం."

"నాకు బిడ్డ లేదు అయ్యగారూ. కోపం కూడా రావట్లేదు. చెయ్యి దానంతటదే లేస్తోంది, పడుతోంది."

ఆయన ఆమె తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాడు. అంతకంటే ఏం చెయ్యగలడు?

ఆ శుక్రవారం అర్షవీర్ ఫోను చేశాడు. "తేనెటీగల పెట్టెలు పై కొండకి ఎక్కిస్తున్నాను. అక్కడ ఫోను అందదు. దిగాక ఇక నిన్ను అడిగి బాధపెట్టను వార్తుహీ."

శనివారం పొద్దు వాలింది. సంకెళ్ళు మొదలయ్యాయి. వార్తుహి కొలిమి ముందు సుత్తి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కొట్టకూడదని కాదు. చెయ్యి లేవలేదు, అంతే. 'ప్రభువా, లేపితే లేపు, లేకపోతే నా బరువు నువ్వే దించు' అనుకుంది. నేల అదిరింది. కప్పు మీంచి పాతమసి రాలింది. సందులో పిల్లలు ఏడవడం వినిపించింది.

తలుపు దభాలున తెరుచుకుంది. సతేనిక్ పిన్ని! ఒక కాలికే చెప్పుంది, చేతిలో గరిటె.

"ఏం చేస్తున్నావే ఇక్కడ? రాగి బానెడు ఆప్రికాట్ పాకం! ముదురుపాకం వచ్చే వేళకి ఎగిరి నా పాదం మీద పడింది! కొట్టవే!"

"లేవట్లేదు పిన్నీ."

"ఏం లేవట్లేదు?"

"చెయ్యి."

సతేనిక్ పిన్ని ఆమె మొహంలోకి చూసింది. ఇన్నేళ్ళుగా సందు మొదట్లో కూర్చుని చూస్తూనే ఉంది గానీ, ఆ మొహం ఎప్పుడూ చూడలేదు. కాలు మంట మళ్ళీ భగ్గుమంది. సుత్తి లాక్కుంది.

"ఒరేయ్ రాజా! నీ చెర నీదిరా, నా పాకం నీకేం చేసింది?" ఒక దెబ్బ. "పొద్దుట్నుంచీ నిలబడి గింజలు తీశాన్రా!" ఇంకొకటి. "ఛీ, నోర్ముయ్!" మూడోది.

కొండ ఊరుకుంది.

సందులో పిల్లల ఏడుపు ఆగింది. ఎవరింట్లోనో గుడ్డపీలికలు తీస్తున్న కప్పుల గలగల వినబడింది. సతేనిక్ పిన్ని చేతిలో సుత్తిని, దాగలిని మార్చి మార్చి చూసింది. సుత్తి కింద పెట్టబోయి, పెట్టలేక, ఒళ్ళోనే ఉంచుకుని చతికిలబడింది. వార్తుహి నేల మీద కూర్చుని ఆమె పాదానికి మందు రాసి కట్టు కట్టింది.

"వచ్చే శనివారం మా చెల్లెలి మనవరాలి పెళ్ళి" అంది పిన్ని నెమ్మదిగా. "గ్యుమ్రీలో. ఇక నేనూ ఫొటోల్లోనే చూడాలి."

వార్తుహి కట్టు ముడి బిగించి తలెత్తింది.

"పోవే, గోరిస్ పో. నా మనసు మారకముందే పో. ఇంకెప్పుడూ శనివారం నా కళ్ళ పడకు."

"అక్కడ నన్ను ఏ ఇంటిపేరుతో పిలుస్తారు పిన్నీ?"

"తేనెవాళ్ళు వాళ్ళే చూసుకుంటారులే. నీకెందుకు?"

మర్నాడు ఆరాధనలో దీవెన కోసం ఇంటిపేర్లు చదువుతూ ఘెవోండ్ అయ్యగారు "దర్బిన్యాన్ సతేనిక్" అన్నారు. ఒక్క తలా తిరగలేదు. ఆవిడ మొగుడు ముకూచ్ మనుక్యాన్ మాత్రం "ఈ లెక్కన నేనెవరి మొగుణ్ణి?" అని గొణిగాడు. పక్కవాళ్ళు నోరు మూసుకోమన్నారు.

ఆ పై శనివారం గోరిస్ వెళ్ళే వ్యానులో కిటికీ పక్కన వార్తుహి కూర్చుంది. ఘాట్ రోడ్డు మలుపు తిరిగింది. మాసిస్ ఒక గట్టు వెనక్కి జారిపోయింది. సరిగ్గా పొద్దు వాలే వేళ. ఆమె కుడిచెయ్యి ఒళ్ళోంచి తనంతట తానే లేచి, గాలిలో ఆగింది. లోకం తగలబడుతుందేమోనని ఊపిరి బిగబట్టింది. వ్యాను గేరు మార్చుకుంది. వెనక ఎవరో వెల్లుల్లి వాసనొచ్చే రొట్టె విప్పారు.

పక్క సీటు ఆవిడ చంకలో పసిపిల్లతో, చేతిలో పాల డబ్బాతో అవస్థ పడుతూ ఇటు తిరిగింది. "చెయ్యి ఖాళీగానే ఉందిగా అమ్మాయ్, కాస్త పిల్లని పట్టుకో, ఈ మూత రావట్లేదు."

వార్తుహి తన చేతిని చూసుకుంది.

"ఆఁ, ఖాళీగానే ఉందండీ" అని, రెండు చేతులూ చాచింది.