బ్రేకు ఆఫీసు ఎదుటి కళ్ళజోడు

నేను ఒక కళ్ళజోడును. జోడు అన్నది ఇప్పుడు మాటవరసకే. నాకు మిగిలింది ఒకే అద్దం. రెండోది మురిక్కాలవలో ఉంది. అక్కడికి ఎలా చేరిందో చెబుతాను, వినండి.

నేను పుట్టింది బస్టాండు వెనక అద్దాల కొట్లో. కొట్టువాడు ఈల వేసుకుంటూ నా అద్దాలు అరగదీసి, నల్ల ప్లాస్టిక్ ఫ్రేములో బిగించి, నాంచారమ్మ చేతిలో పెట్టాడు. "దగ్గర చూపుకేనమ్మా. దీంతో దూరం చూస్తే కళ్ళు తిరుగుతాయి" అని మరీ మరీ చెప్పాడు. ఆ మాట విన్నది నాంచారమ్మ ఒక్కతే. నన్ను పెట్టుకున్న మిగతావాళ్ళెవరూ వినలేదు. నా జాతకమంతా అక్కడే రాసిపెట్టి ఉంది.

నాంచారమ్మది బ్రేకు ఆఫీసు ఎదుట పునుగుల బండి. లైసెన్సులిచ్చే ఆ ఆఫీసుకి బోర్డు మీద పొడుగాటి పేరే ఉంది గాని, లారీలవాళ్ళకి అది బ్రేకు ఆఫీసే. మొగుడు పోయాక, యాభై దాటిన వయసులో ఆవిడ సాయంత్రం బడికి వెళ్ళి అక్షరాలు దిద్దింది. అక్షరాలు చీమల్లా పాకుతున్నాయని నన్ను కొనుక్కుంది. అప్పటినుంచీ పొట్లం కట్టబోయే ప్రతి పాత పేపరు ముక్కనీ చదివాకే కట్టేది. ఆ చదువు పూర్తయ్యేలోపు పునుగులు చల్లారిపోయేవి.

"పిన్నీ, ముందు పొట్లం కట్టు. మేం తిన్నాక నీ పేపరు నీకే ఇస్తాం, తీరిగ్గా చదువుకుందువు" అని డ్రైవర్లు గోలపెట్టేవారు.

ఇక అసలు సంగతి. పెద్ద బండ్లు నడిపేవాళ్ళు లైసెన్సు తిరగరాయించుకోవాలంటే, ఒళ్ళు బాగుంది, కళ్ళు కనిపిస్తున్నాయి అని డాక్టరు చేత రాయించుకురావాలి. చట్టం మంచిదే. ఆ డాక్టరు గారి గది నాంచారమ్మ బండికి పక్కనే, మెట్లెక్కితే చాలు. గోడ మీద అక్షరాల పటం ఉంది. దాని మీద బట్టల కొట్టువాళ్ళ క్యాలెండరు ఉంది. క్యాలెండరు తీసి పటం చూపించిన పాపాన ఎవరూ పోలేదు. డాక్టరు గారు పెట్టుకున్న నియమం వేరే. నలభై దాటినవాడు జోడు లేకుండా వస్తే, "కళ్ళు దెబ్బతిన్నాయి, మా బావమరిది కొట్లో అద్దాలు తీసుకుని రా" అనేవాడు. జోడుతో వస్తే తల కూడా ఎత్తకుండా సంతకం పెట్టేవాడు.

ఈ కిటుకు మొదట కనిపెట్టినవాడు సైదులు. మిర్చి లోడు తోలే లారీ డ్రైవరు. వాడివి గద్ద కళ్ళు. రోడ్డు చివర చెట్టుకింద నిలబడ్డవాడు పోలీసో, బస్సు కోసం చూసే బడిపంతులో ఇక్కణ్ణుంచే చెప్పగలడు.

"పిన్నీ, నీ జోడు ఓసారియ్యి. ఆ బావమరిదికి కప్పం కట్టే ఓపిక నాకు లేదు" అని నన్ను తగిలించుకుని మెట్లెక్కాడు. నా అద్దాల్లోంచి వాడికి లోకమంతా జావ అయిపోయింది. డాక్టరనుకుని ఇనప బీరువాకి నమస్కారం పెట్టాడు. డాక్టరు గారు చూడలేదు. ఆయన కళ్ళు సెల్ ఫోనులో ఉన్నాయి. 'కళ్ళు భేష్, జోడు పెట్టుకుని నడపాలి' అని అర్థం వచ్చేలా ఇంగ్లీషులో గీకి ఇచ్చాడు.

అంతే, నాకు గిరాకీ మొదలైంది. ఎన్ని ముక్కులెక్కానని! గునపం లాంటివి, పకోడీ లాంటివి, జలుబు వదలనివి. ఎవడి తలో పెద్దదై నా కుడి కాడ విరిగితే, నాంచారమ్మ ఎర్రదారం చుట్టి ముడేసింది. ఆ ముడితో సహా నేను ఎందరి ఫొటోల్లో ఉన్నానో. బ్రేకు ఆఫీసు బీరువాలో నాకున్నన్ని ఫొటోలు ఏ మంత్రికీ ఉండవు. తమాషా ఏమిటంటే, కళ్ళు దివ్యంగా ఉన్నవాళ్ళంతా ఇప్పుడు జోడు లేకుండా బండి నడిపితే నేరం. దారిలో బ్రేకు ఇన్‌స్పెక్టరు ఆపి, "జోడేదిరా?" అంటే, "నాంచారమ్మ దగ్గరుంది సార్" అని చెప్పినవాళ్ళు కూడా ఉన్నారు.

నాంచారమ్మకి తమ్ముడొకడు, కోటిలింగం. బడి బస్సు నడిపేవాడు. పొద్దున పిల్లల్ని దింపి, బస్సు రోడ్డుకి అవతల నిలిపి, అక్క దగ్గర టీ తాగేవాడు. కొంతకాలంగా టీ గ్లాసు ఒకచోట ఉంటే వాడి చెయ్యి జానెడు పక్కకి పోయేది. "నీ గ్లాసులు నడుస్తున్నాయే అక్కా" అని నవ్వేసేవాడు. కంట్లో పొర కమ్ముతోందని వాడికి తెలుసు. డాక్టరు దగ్గరికెళితే తెలిసిందే నిజమవుతుందని భయం. ఆ ఏడు వాడి లైసెన్సు గడువు ముగిసింది. కంటి కాగితం తెస్తేనే సాయంత్రం బస్సు తియ్యమని బడివాళ్ళు చెప్పారు.

"అక్కా, జోడియ్యి" అన్నాడు వస్తూనే.

నాంచారమ్మ నన్ను నుదుటి మీదికి తోసుకుని బస్సు వైపు చూస్తోంది. ఆవిడకి దూరం బాగా ఆనుతుంది. వెనక అద్దం మీది దుమ్ములో పిల్లలు వేలితో ఏదో రాశారు. కూడబలుక్కుని చదివింది. "లిం... గం మా... మ... య్యా, ముం... దు గే... దె! నే... నే చూ... శా." తమ్ముడి వైపు తిరిగింది. "ఇదేం రాతరా?"

"అదా! ఆటలే. గేదో, గొయ్యో, ఎదురు బండో, ఎవరు ముందు చూసి అరిస్తే వాళ్ళకి చాక్లెట్టు. దారి పొడుగునా యమ హుషారు."

మూకుడు మీద నాంచారమ్మ చెయ్యి ఆగిపోయింది. "ఎవరూ అరవకపోతే?"

వాడు జోడు కోసం చెయ్యి చాచాడు.

"జోడివ్వను" అంది.

"ఊళ్ళో అడ్డమైనవాడికీ ఇచ్చావు. తోడబుట్టినవాడికి చేదయ్యానా?"

"వాళ్ళకి అక్కర్లేదు కాబట్టి ఇచ్చానురా. నీకు అక్కర ఉంది."

వాడికి ఒళ్ళు మండింది. ఆవిడ నుదుటి మీంచి నన్ను లాక్కుని, పెట్టుకుని, విసవిసా మెట్ల వైపు నడిచాడు. పొర ఒకటి, నేనొకటి. మెట్టు కనిపించలేదు. బోర్లా పడ్డాడు. నా ఎడమ అద్దం ఎగిరి కాలవలో పడింది. మోకాలు దులుపుకుని, ఒంటి అద్దంతోనే లోపలికి పోయాడు.

"జోడుందా?" అన్నాడు డాక్టరు గారు, ఫోను చూస్తూనే.

"ఉందండి."

అబద్ధమేం కాదు. ఉన్నాను, సగం. సంతకం పడింది.

"చూశావటే? కళ్ళు భేషని డాక్టరే రాశాడు!" తన ఫొటో అంటించిన కాగితాన్నీ, నన్నూ బండి మీద ఠపీమని పెట్టి, బల్ల మీద కూర్చుని మోకాలు రుద్దుకున్నాడు కోటిలింగం. "ఆకలేస్తోంది, ఏవైనా పెట్టు."

నాంచారమ్మ కాగితం తీసింది. ఇంగ్లీషు ఆవిడకి రాదు. చదవకుండా పొట్లం కట్టడం అదే మొదటిసారి. వేడి వేడి పునుగులు అందులో పోసి, అల్లం చట్నీ వేసి ఇచ్చింది. వాడు సుష్టుగా తిన్నాడు. కాగితంతో వేళ్ళు తుడుచుకున్నాడు. ఉండచుట్టి బుట్టలోకి విసిరాడు. బుట్టలో పడలేదు.

"డాక్టరిచ్చిన కాగితమేదిరా?" అంది నాంచారమ్మ.

జేబు తడిమాడు. బల్ల తడిమాడు. "ఇక్కడే పెట్టానే!"

"చేతులు తుడుచుకున్నావుగా."

చుట్టూ ఉన్న డ్రైవర్లు ఘొల్లుమన్నారు. తర్వాత ఒక్కొక్కరే నవ్వు ఆపేశారు. కోటిలింగం వంగి, తడిమి తడిమి ఆ ఉండ ఏరుకున్నాడు. విప్పి ముక్కుకి ఆనేంత దగ్గరగా పెట్టుకున్నాడు.

"నా ఫొటో నూనెకి చెరిగిపోయిందా అక్కా?"

"చెరగలేదురా. బాగానే ఉంది."

వాడు బస్సు తాళం తీసి అక్క చేతిలో పెట్టాడు. "సాయంత్రం పిల్లల్నెవరు దింపుతారు?"

"సైదులూ!" అని కేకేసింది నాంచారమ్మ. "బడివాళ్ళతో నేను మాట్లాడతాను. నువ్వు నడుపు."

"నడుపుతాను గాని పిన్నీ, జోడు లేకుండా నడిపితే నాకు నేరం కదా?"

"ఈ ఒంటికన్నుదాన్ని జేబులో పెట్టుకో. ఎవరైనా ఆపితే ముక్కున పెట్టుకో."

అలా ఆ సాయంత్రం సైదులు జేబులో కూర్చుని నేనూ బస్సెక్కాను. గేదెలొచ్చాయి, గోతులొచ్చాయి. పిల్లలు అరిచేలోపే సైదులు బ్రేకు వేసేవాడు. పిల్లలకి బొత్తిగా నచ్చలేదు.

కోటిలింగానికి పెద్దాసుపత్రిలో పొర తీశారు. పట్టీలు విప్పాక అక్క బండి దగ్గరికొచ్చి, రోడ్డుకి అవతలున్న బస్సు వైపు తిరిగి నిలబడ్డాడు. దుమ్ములో కొత్తగా ఏదో రాసి ఉంది. నాంచారమ్మ నన్ను పెట్టుకుని పేపరు చదువుతున్నదల్లా తలెత్తింది. తను చదివి చెప్పలేదు. వాడి నోటికేసి చూస్తూ ఊరుకుంది.

నాకు దూరం కనిపించదని మొదటే చెప్పాను కదా. అక్కడ ఏం రాసి ఉందో నాకు తెలియదు. వాడు చదివితే విన్నాను.

"లింగం మామయ్యా, చాక్లెట్లు బాకీ."