ఎజ్రా ఆపి వెళ్లిన ఆట

మస్కట్ దార్సైట్‌లోని ఆ మూడో అంతస్తు ఫ్లాటులో ఇంటిపనికి ఉంటున్న సుగ్రా బేగం పొద్దున లేచి మొదట చేసే పని ఎజ్రా గది తలుపు తీయడం. కిటికీ తెర పక్కకు జరిపి, బల్ల తుడిచి, బల్ల మూలనున్న ఆట డబ్బాకేసి చూసేది. అరచేతి కంటే కాస్త పెద్దది. తీగ గోడకు తగిలించి ఉంటుంది, పక్కన ఆకుపచ్చ దీపం వెలుగుతూ ఉంటుంది. అది చూశాక గానీ ఆమెకు వంటింట్లోకి వెళ్లబుద్ధయ్యేది కాదు.

ఎజ్రా పోయిన చలికాలంలో చనిపోయాడు. సెలవుల్లో తండ్రితో కలిసి కొండల్లోకి ఈతకు వెళ్లాడు. అక్కడి వాగులు ఏడాదంతా రాళ్లు తేలి ఉంటాయి, ఎక్కడో పైన వాన పడితే మాత్రం మనిషికి వ్యవధి ఇవ్వవు. తండ్రిని ఎవరో ఒడ్డుకు లాగారు. పిల్లవాడు మరునాడు దొరికాడు.

ఆ రోజు బయలుదేరే ముందు వాడు డబ్బాను బల్ల మీద పెట్టి ఆమెను పిలిచాడు.

"సుగ్రాబీ, దీన్ని ఎవురినీ ముట్టనీయాకు. ఆట ఆపి పెట్టినా. వచ్చి ఆడుకుంటా."

"నేనుండా గదా. నువ్వు పో నాయనా."

ఆ ఇంటి పిల్లలిద్దరూ ఆమె చంకలో పెరిగారు. అందుకే ఆమె కడప తెలుగు వాళ్ల నోట అలాగే పలికేది. తల్లి లియోరాకు మాత్రం ఒక్క ముక్క రాదు. ఆమెతో హిందీ, ఇంగ్లీషు కలిపి సుగ్రా నెట్టుకొచ్చేది.

వాళ్లు యూదులు. జోహాన్నెస్‌బర్గ్ నుంచి వచ్చారు. పిల్లల తండ్రి గిడియన్ సార్ సముద్రపు నీటిని మంచినీరు చేసే ప్లాంటులో ఇంజనీరు. తామెవరో బయట చెప్పొద్దని వాళ్లు సుగ్రాతో ఎన్నడూ అనలేదు. ఆమే చెప్పేది కాదు. పాలకు వేరే గిన్నెలు, మాంసానికి వేరే గిన్నెలు పెట్టుకునే ఇంట్లో, పంది పేరెత్తని ఇంట్లో తనకు పరాయితనం ఎందుకు తోచాలో ఆమెకు అర్థమయ్యేది కాదు. పిల్లవాడిని జోహాన్నెస్‌బర్గ్‌కే తీసుకెళ్లి మట్టి చేశారు. మస్కట్‌లో వెళ్లి కూర్చోవడానికి సమాధి లేదు. ఉన్నదల్లా ఆ గది, ఆ డబ్బా.

డబ్బా వెనక కూడా ఒక కథ ఉంది. అంతకు ముందు ఎజ్రా చెవులకు మైకున్న హెడ్‌ఫోను తగిలించుకుని నెట్ ఆటలు ఆడేవాడు. ఒకనాడు అవతలి నుంచి ఎవరో పెద్ద మనిషి గొంతు వాడి పేరు అడిగింది, ఊరు అడిగింది, పేరు విన్నాక మీరు ఏ మతం అని అడిగింది. తర్వాత ఆ గొంతు అన్న మాటలకు పిల్లవాడు ఆ రాత్రి పక్క తడిపాడు. లియోరా ఆ ఆటలన్నీ తీసేసింది. నెలంతా వెతికి, నెట్ అసలు అక్కర్లేని ఆ పాత రకం డబ్బా తెచ్చింది. దానిలో దూర్చే చిన్న బిళ్లల మీద ఆటలుంటాయి. ఒక్కో బిళ్లను మొదట తనే కూర్చుని ఆడి చూసేది. కాల్పులుంటే పక్కన పెట్టేది, అది కొను ఇది కొను అని మధ్యలో ఊరించేది ఉంటే పక్కన పెట్టేది. చివరికి మిగిలింది ఒక సేద్యం ఆట. బొమ్మ రైతు దుంపలు నాటుతాడు, నీళ్లు పోస్తాడు, చీకటి పడితే ఇంటికెళ్లి పడుకుంటాడు. పడుకుంటేనే ఆనాటి పని లెక్కలోకి వస్తుంది. ఎజ్రా ఆపి వెళ్లినప్పుడు ఆ రైతు పొలం మధ్యలో నీళ్ల డబ్బాతో నిలబడి ఉన్నాడు. ఛార్జింగ్ పోతే డబ్బా ఆరిపోతుంది, వాడు చివరిగా ఆడిన ఆ పూట పోతుంది. బ్యాటరీ పాతబడింది, తీగ తీస్తే ఒక రోజు కూడా నిలవదు. ఆ ఇంట్లో అందరూ కాపాడుకొస్తున్నది ఆ ఒక్క పూటను.

ఎజ్రా చెల్లెలు షీరాకు ఈ వేసవిలో ఎనిమిదేళ్లు నిండాయి. కింద మెట్ల దగ్గర పిల్లలందరూ ఫోన్లలో ఒకే ఆట ఆడుతుంటే షీరా వాళ్ల భుజాల మీదుగా తొంగి చూస్తూ నిలబడేది. ఆమెను పిలుచుకు రావడానికి సుగ్రా దిగితే వాచ్‌మన్ భీమన్న ఊరుకునేవాడు కాదు. ఆయనది జగిత్యాల వైపు.

"ఏందక్కా, గా పోరి దినాం గిట్ల మందిది జూస్కుంట నిలవడవట్టె. మీ సాబు గంత పెద్ద ఇంజనీరు, ఒక్క ఫోను కొనియ్య చాతగాదా?"

"చాతనవుతాది. ఇయ్యరు."

"పిసినారులా?"

"నీ మాదిరి అనుకున్నావా? గల్ఫుకొచ్చి ఇన్నేండ్లాయ, ఒగనాడన్నా నాకు టీ తాగిచ్చినావా నువ్వు?"

భీమన్న నవ్వాడు. "నా సంగతెందుకు గని, మీ సాబులు ఏ కులపోళ్లక్కా? శుక్రారం దీపాలు వెడ్తరు, శనారం లిఫ్టు ఎక్కకుంట మెట్లెక్కుతరు."

"దేవునికి భయపడే కులం. నీకు తెలీదులే."

షీరా పైకి వస్తూ మెట్టు మెట్టుకీ ఆగింది. "సుగ్రాబీ, నాకు ఫోను వద్దు. ఎజ్రాది ఇస్తే చాలు. నేను మెల్లగా ఆడతా."

"అది ముట్టరాదు బంగారూ."

"వాడు రాడు గదా."

సుగ్రా తాళం తీయడంలో పడినట్టు నటించింది.

లియోరా మళ్లీ వెతకడం మొదలుపెట్టింది. రువీ బజారులో దుకాణాలన్నీ తిరిగారు, సుగ్రాను కూడా వెంట తీసుకెళ్లింది. కొత్తవన్నీ పెట్టె విప్పగానే నెట్ కావాలంటాయి. పేరు చెప్పు, పుట్టిన తేదీ చెప్పు, ఏ దేశమో చెప్పు అంటాయి. ప్రతి దుకాణంలోనూ లియోరా ఒకటే అడిగేది. నెట్ లేకుండా నడుస్తుందా? నడుస్తుంది మేడమ్, మొదట ఒక్కసారి కలిపితే చాలు అనేవారు. ఆ ఒక్కసారి అన్న మాట దగ్గర ఆమె వెనక్కి తిరిగేది. పాత రకం ఇప్పుడు రావడం లేదన్నారు.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర గిడియన్ మెల్లగా అన్నాడు. "మనకు కావలసింది ఇంట్లోనే ఒకటి ఉంది లియోరా."

లియోరా చెంచా కింద పెట్టి లేచి వెళ్లిపోయింది. షీరా కంచంలోకి చూస్తూ కూర్చుంది. వడ్డిస్తున్న సుగ్రాకు ఆయన మీద కోపం వచ్చింది. పిల్లను చూస్తే జాలేసింది. రెంటికీ మధ్య ఆమె చేయగలిగింది ఏమీ లేక కూర గిన్నె తీసుకుని లోపలికి వెళ్లింది.

శుక్రవారం వచ్చింది. పొద్దు గుంకక ముందే వంట ముగించి, రొట్టెల మీద గుడ్డ కప్పి, హాల్లో ఒక దీపం వెలుగుతూ ఉండేలా వదిలారు. వాళ్ల మతంలో అది విశ్రాంతి దినం, శనివారం చీకటి పడేదాకా వాళ్లు స్విచ్చు ముట్టరు. ఆమె పనిలో చేరిన కొత్తలోనే లియోరా విడమర్చి చెప్పింది. "ఆ రోజు మా కోసం నువ్వు దీపం వేయొద్దు, ఆర్పొద్దు. మేము నిన్ను అడగకూడదు, సైగ కూడా చేయకూడదు. నీ కోసం నువ్వు చేసుకునేది నీ ఇష్టం." సుగ్రా ఆ మాటను తన రంజాన్ రోజా అంత నియమంగా పాటించేది. ఒకసారి ఏసీ ఆగిపోతే ఇల్లంతా చెమటలు కక్కుతూ కూర్చున్నారు గానీ, ఆమె స్విచ్చు జోలికి పోలేదు.

శనివారం పొద్దున ఎజ్రా గది తలుపు తీసి ఆమె అక్కడే ఆగిపోయింది.

తీగ గోడకు లేదు. చక్కగా చుట్టి బల్ల మీద పెట్టి ఉంది. డబ్బా పక్కన ఎర్ర దీపం కొట్టుకుంటోంది.

ఆమె గబగబా షీరా దగ్గరికి వెళ్లింది. పిల్ల సోఫాలో పడుకుని బొమ్మల పుస్తకం చూస్తోంది.

"నువ్వు పీకినావా తీగ?"

"ఏ తీగ?"

"అన్న గదిలోది. నిజం చెప్పు, కొట్టను."

"నేను ఆ గదిలోకే పోలే సుగ్రాబీ. అమ్మ తోడు."

సుగ్రా నమ్మలేదు. పిల్లలు ఆశ పడితే ఎంతకైనా పోతారనుకుంది. మళ్లీ గదిలోకి వచ్చేసరికి గుమ్మంలో లియోరా నిలబడి ఉంది. ఆమె కళ్లు ఎర్ర దీపం మీదే ఉన్నాయి. ముఖం పాలిపోయింది. సుగ్రాను చూసింది. తర్వాత సుగ్రాను లోపలే ఉంచి మెల్లగా తలుపు దగ్గరికి వేసి వెళ్లిపోయింది.

సుగ్రా ఆ మూసిన తలుపును చాలాసేపు చూసింది. లియోరా అడగకూడదు కాబట్టి అడగలేదు. సైగ చేయకూడదు కాబట్టి చేయలేదు. తలుపు మూసింది, చూడకపోతే తనకు పాపం అంటదని. అంతే అయి ఉంటుందనుకుంది. అయినా ఆమె చెయ్యి ముందుకు రాలేదు. ఒకరి నియమాన్ని తన చేత్తో చెరపడం ఆమెకు భయం. ఎర్ర దీపం కొట్టుకుంటూనే ఉంది. నేనుండా గదా అని తను ఆ పిల్లవాడితో అన్న మాట గుర్తొచ్చింది. ఆ మాట ఇచ్చింది లియోరా కాదు, తను. ఇది తన కోసం తను చేసుకునే పని. నీ ఇష్టం అని ఆమే కదా అన్నది.

"యా అల్లా, తప్పయితే నాదే," అని గొణుక్కుని తీగ విప్పి గోడకు పెట్టింది. ఎరుపు పోయి ఆకుపచ్చ వచ్చింది. ఆమె ఎజ్రా మంచం మీద కూర్చుండిపోయింది.

ఆ రోజంతా లియోరా ఆ గది వైపు రాలేదు. అన్నం సగం తిని వదిలేసింది. మధ్యాహ్నం పడక గదిలో ఏడ్చిన అలికిడి వినిపిస్తే, పిల్లవాడు గుర్తొచ్చి ఉంటాడులే, సాయంత్రం ఆ పచ్చ దీపం చూస్తే కాస్త తేరుకుంటుంది అనుకుంది సుగ్రా.

చీకటి పడింది. నక్షత్రాలు కనిపించాక, ఆ దినం ముగిసిందని గిడియన్ జడలా అల్లిన కొవ్వొత్తి వెలిగించాడు. లవంగాల డబ్బా ఒకరి నుంచి ఒకరికి వెళ్లింది, అందరూ వాసన చూశారు. కొవ్వొత్తి ఆర్పగానే లియోరా షీరా చెయ్యి పట్టుకుని, "రా, నీకొకటి ఇవ్వాలి," అంది. ఇద్దరూ ఎజ్రా గదిలోకి వెళ్లారు. వెనకాలే సుగ్రా వెళ్లింది.

లియోరా దీపం వేసి బల్ల వైపు చూసి అలాగే నిలబడిపోయింది.

"నేనే పెట్టినా మేడమ్," అంది సుగ్రా. "మీరు అడగలేదు, సైగ చేయలేదు. మీ మీద ఏమీ లేదు. వాడికి నేను మాటిచ్చినా, అందుకని పెట్టినా."

లియోరా మంచం అంచున కూర్చుంది. "తీగ తీసింది నేనే సుగ్రా."

సుగ్రాకు వెంటనే అర్థం కాలేదు.

"నిన్న దీపాలు వెలిగించే ముందు తీశాను. నా చేత్తో వాడి ఆట ఆపేయలేను. మామూలు రోజయితే, ఎర్ర దీపం చూడగానే పరిగెత్తి వచ్చి తగిలించేస్తాను. ఇంతకు ముందు అలా చేశాను కూడా. ఈ రోజయితే ముట్టుకోవడానికి వీల్లేదు. అదంతట అది ఆరిపోతుంది, సాయంత్రం షీరాకు ఇచ్చేద్దాం అనుకున్నాను. పొద్దున నువ్వు ఇక్కడుంటే, ఆరిపోవడం నేను చూడలేక తలుపు వేశాను. శనివారం నువ్వు స్విచ్చు ముట్టవు కదా అని ధైర్యంగా ఉన్నాను."

సుగ్రాకు పాత రోజులు గుర్తొచ్చాయి. తన భర్త సమీయుల్లా పోయినప్పుడు ఆమె నాలుగు నెలల పది రోజులు గడప దాటకుండా ఇద్దత్ కూర్చుంది. గడువు తీరిన నాడు పెద్దావిడ ఒకామె వచ్చి, ఇంక లే బిడ్డా అని భుజం పట్టి లేపింది. ఆమె రాకపోతే తను ఆ మూలనే ఉండిపోయేదేమో.

"మీలో బిడ్డ పోతే ఎన్నాళ్లు కూర్చుంటారు మేడమ్?"

"ఏడు రోజులు కూర్చుంటాం, ముప్పై రోజులు దుఃఖం పాటిస్తాం. ఆ తర్వాత లేవమంటారు. అందరూ లేపారు, లేచాను. ఈ ఒక్కటే మిగిలింది."

"తప్పు చేసినా," అంది సుగ్రా. "ఇప్పుడే తీసేస్తా. రేపటికి ఆరిపోతాది."

"వద్దు. రేపు మామూలు రోజు. నేను మళ్లీ తగిలిస్తాను."

షీరా ఇద్దరి మధ్యా నిలబడి, అడగడానికి భయపడుతూ డబ్బాను చూస్తోంది. అంతలో లియోరా చెయ్యి చాచి డబ్బా అందుకుంది. బొటనవేలు మీట మీద పెట్టింది. పెట్టి, కళ్లు మూసుకుంది. నొక్కింది.

తెర వెలిగింది. ఆ వెంటనే ఆట పాట మొదలైంది. చలికాలం నుంచి ఆ ఇంట్లో ఎవరూ వినని పాట. హాల్లో కుర్చీ జరిగిన చప్పుడు వినిపించింది. గిడియన్ గుమ్మం దాకా వచ్చి, గోడకు ఆనుకుని, లోపలికి రాలేక అక్కడే నిలబడ్డాడు.

లియోరా మీటలు నొక్కింది. రైతు ఒక దుంప మొక్కకు గుద్దుకున్నాడు. నీళ్లు బాట మీద పోశాడు. తెర మీద పొద్దు వాలిపోతోంది. ఆమె వేళ్లు తడబడుతున్నాయి.

"అటు గాదు అమ్మా," అని తెలుగులో అనేసి, షీరా మళ్లీ ఇంగ్లీషులో చెప్పింది. "ఇల్లు ఇటు. వాడు ఎప్పుడూ బావి పక్కనుంచి పోతాడు."

"నువ్వు నడిపించు," అంది లియోరా, డబ్బా ఆమె చేతుల్లో పెట్టి.

షీరా రైతును బావి పక్కగా నడిపించింది, దుంపల మడి మీద అడుగు పడకుండా గట్టు మీదుగా తీసుకెళ్లింది. గుడిసె తలుపు తెరిచింది. మంచం దగ్గర తెర మీద ఒక ప్రశ్న వచ్చింది. పడుకోవాలా అని అడుగుతోందని షీరా చదివి చెప్పింది. చెప్పి తల్లి ముఖంలోకి చూసింది.

లియోరా తల ఊపింది. ఊపాక రెండు చేతులతో ముఖం కప్పుకుంది.

తెర నల్లబడింది. కాసేపటికి కోడి కూసింది, మరో రోజు మొదలైంది. దుంపలు కొన్ని పక్వానికి వచ్చాయి. షీరా ఆడలేదు. డబ్బాను ఒళ్లో పెట్టుకుని తల్లి పక్కన ఒదిగి కూర్చుంది.

మరునాడు పొద్దున్నే సుగ్రా అలవాటు కొద్దీ ఆ గది తలుపు తీసింది. తెర జరిపింది, బల్ల తుడిచింది. చూడవలసింది ఏమీ లేదు. షీరా గదిలోంచి ఆ పాట మెల్లగా వినిపిస్తోంది. ఎజ్రా పోయాడని, వాడిని ఇంటికి తెచ్చిన రోజే ఆమెకు తెలుసు. ఆ దేహం చూసింది, తలుపులన్నీ తీసి వచ్చినవాళ్లకు నీళ్లిచ్చింది. అయినా రోజూ ఈ గదిలోకి వచ్చింది వాడు వచ్చి ఆడుకుంటాడని. ఇంట్లో ఆ ఎదురుచూపు లియోరా ఒక్కదానిదే అనుకుంది ఇన్నాళ్లూ.

తడిగుడ్డ చేతిలో అలాగే ఉంది. ఆమె వాడి మంచం మీద కూర్చుని, గొంతు పైకి రాకుండా, ఆ రోజు ఏడవవలసిన ఏడుపు ఇప్పుడు ఏడ్చింది.