వేదవతి ఆంటీ చెప్పింది

నా మనవరాలు సంతోషి డిగ్రీ చదువుతోంది. కర్రీ పాయింట్ పెడతానంది. ఎల్బీనగర్‌లో నల్లగొండ బస్సులు ఆగే చోట పదకొండేళ్లుగా జొన్న రొట్టెలు అమ్ముతున్నాను. వ్యాపారం నా దగ్గరే నేర్చుకుంటుంది అనుకున్నాను. అది దిల్‌సుఖ్‌నగర్ పోయింది. అక్కడ హాస్టళ్ల సందులో వేదవతి అనే గుంటూరావిడ కర్రీ పాయింట్ నడుపుతుంది. కాలేజీ అయిపోగానే ఈ పిల్ల ఆవిడ దగ్గర గరిటె పట్టుకుని నిలబడుతుంది.

ఇంటికొస్తే అదే ముచ్చట.

"తాతా, వేదవతి ఆంటీ చెప్పింది. మొదటి దినం నాలుగే రకాలు చేయాల్నంట. ఎక్కువ పెట్టుకుంటే ఒక్కటి సక్కగ రాదంట."

"ఊఁ."

"సాంబారు కవర్ల జర గాలి ఉంచి ముడెయ్యాల్నంట."

"నీళ్లు తాగుడు గూడ నేర్పుతదా మీ ఆంటీ?"

"గట్ల కుళ్లుకుంటవేంది తాతా!" అని నవ్వింది. నేను నవ్వలేదు.

ఒకరోజు పోయి చూశాను. "రండి పెద్దాయనా, కూర్చోండి. మీ మనవరాలి చెయ్యి మంచిదండీ" అంది వేదవతి. నా మనవరాలి చెయ్యి సంగతి నాకు ఆవిడ చెప్పాలా? టీ తెప్పించింది. తాగకుండా లేచొచ్చాను.

అయితే ఒకటి గమనించాను. అక్కడ కొనేవాళ్లంతా గదిలో కుక్కర్ పెట్టి వచ్చే పిల్లలు. అన్నం వాళ్ల దగ్గరే ఉంటుంది. కూర ఒక్కటే కావాలి.

నా కొడుకు శ్రీనివాస్ తన బిడ్డకు ఒక్క ఆదివారం ఇచ్చాడు. "అమ్ముడుపోతే పెట్టుకో. లేకుంటే మల్ల గీ మాట ఎత్తద్దు" అన్నాడు. నా బండి పక్కనే బల్ల వేస్తానంది సంతోషి. బస్సు కోసం నిలబడ్డవాళ్ల దగ్గర అన్నం ఎక్కడిది? మాట నోటి దాకా వచ్చింది. అంతలో, "కూరలు ఆంటీ రుచి చూసింది తాతా. ఆమె బాగున్నయన్నదంటే ఇంక ఫికరు లేదు" అంది. నోరు మూసుకున్నాను.

ఆదివారం సాయంత్రం పప్పు, గోంగూర, వంకాయ, ఆలుగడ్డ పొట్లాలు బల్ల మీద వరసగా పేర్చింది. ఒకామె సంచి దించి చూసింది.

"అన్నం లేదా బిడ్డా?"

"లేదమ్మా, కూరలే."

"ఉత్త కూర నాకుమంటవా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆమె నా బండి దగ్గరికొచ్చి వెల్లుల్లి కారంతో రెండు రొట్టెలు కొన్నది. ఎన్నడూ లేనంత ఇష్టంగా కట్టిచ్చాను. అబద్ధం ఎందుకు, సంతోషమే అయింది.

బస్సులు వస్తున్నాయి, పోతున్నాయి. ఒక్క పొట్లం కదల్లేదు. సంతోషి ఏడవలేదు. ఉన్న పొట్లాలనే తీసి మళ్లీ పేరుస్తోంది. మూడోసారి పేర్చేటప్పుడు నా చేతిలో పిండి ముద్ద ఆగిపోయింది. పెనం మీది రొట్టెలు తీసుకెళ్లి బల్ల మీద పెట్టాను.

"రొట్టెలల్ల కూర పెట్టి ఇయ్యి."

తర్వాత వచ్చిన బస్సువాళ్లు ఎగబడ్డారు. నాకు రొట్టె తట్టడానికి చేతులు చాలలేదు. గోంగూర ముందు అయిపోయింది. చివరికి బల్ల ఖాళీ అయింది.

చేతులు కడుక్కుంటూ సంతోషి అడిగింది.

"నీకు ముందుగాల్నే ఎరుకనా తాతా?"

"ఎరుకే."

"మరి చెప్పలేదేంది?"

నేను పెనం తుడుస్తున్నాను. అంతలో సంతోషి ఫోన్ మోగింది. స్పీకర్‌లో వేదవతి గొంతు. జరిగిందంతా విని, "ఆ చోటు సంగతి తాతగారిని అడగమన్నాను కదమ్మాయ్!" అంది.

సంతోషి నా వైపు చూడలేదు. "అడిగిన ఆంటీ. తాత చెప్పిండు. నేనే ఇనలే."

ఫోన్ అందుకున్నాను. "అబద్ధమమ్మా. నేను చెప్పలే. కావాల్ననే చెప్పలే."

"సరేలెండి. రేపు అమ్మాయిని పంపండి" అంది వేదవతి.

"రేపు రాదు. రొట్టె నేర్చుకుంటది" అన్నాను.

సంతోషి ఫోన్ గుంజుకుంది. "కాలేజీ కాంగనే వస్త ఆంటీ. రొట్టెలు పొద్దుగాల నేర్చుకుంట."