చక్రంలో ముప్ఫై ఎనిమిది పేర్లు

"ఆ తొమ్మిది పేర్లూ తీసేశారా?"

ప్రిన్సిపాల్ సత్యవేణి గారు నాలుగో తరగతి గుమ్మం దగ్గర నిలబడి, పిల్లలకి వినపడకుండా అడిగారు. టైము పదీ ఐదు. పదిన్నరకి కొత్త అడ్మిషన్ల తల్లిదండ్రులు వస్తారు. గుడివాడ నుంచి వీడియో తీసేవాళ్ళు అప్పుడే వచ్చి, వెనక బెంచీలు జరిపి కెమెరా నిలబెట్టుకుంటున్నారు.

"లేదండీ," అంది మాధవి.

పొద్దున ఏడింటి నుంచీ కుర్చీలు మోసి, గోడలకి చార్టులు అంటించి, పిల్లల టైలు సరిచేసి ఆమె తల ప్రాణం తోకకి వచ్చింది. ఇంకా గుక్కెడు మంచినీళ్ళు తాగలేదు.

"ఇంకెప్పుడు తీస్తారు? కరస్పాండెంట్ గారు రెండుసార్లు అడిగారు. అర నిమిషం పని కదండీ."

అర నిమిషం పనే. ఆ సంగతి మాధవికి అందరికన్నా బాగా తెలుసు, ఎందుకంటే కిందటి నవంబరులో ఆ పని ఆమే చేసింది.

మచిలీపట్నంలోని ఈ ప్రైవేటు బడి గోడకి నిరుడు టచ్ స్క్రీన్ బోర్డు వచ్చింది. దాంతోపాటు కంపెనీవాళ్ళు పాఠాలు కూడా పంపారు. మంచు, పెంగ్విన్లు, ఆపిల్ తోటలు. ఉప్పుగాలికి కిటికీ ఊచలు తుప్పుపట్టే ఊళ్ళో పిల్లలు ఆ మంచుని చూసి చక్కగా నిద్రపోయేవారు. నెలకి పదకొండు వేల జీతానికి నాలుగు తరగతులు చూసుకునే మాధవికి అది సహించలేదు. వెబ్‌సైట్లలో ఉచితంగా దొరికే పనిముట్లు పట్టుకుని, తన ఫోన్‌లో తనే పాఠాలు కట్టడం మొదలుపెట్టింది. గిలకలదిండిలో ఆమె తల్లి నాంచారమ్మ చేపలమ్ముతుంది. ఆవిడ గంపలోంచి ఒక్కో చేపనీ తీసి ఫొటో పట్టి, బోర్డు మీద రెండు పెట్టెలు గీసింది. ఒకటి సముద్రం, రెండోది మంచినీళ్ళు. పిల్లలు వేలితో చేపని లాగి సరైన పెట్టెలో వెయ్యాలి. సరిగ్గా వేస్తే చప్పట్లు మోగుతాయి, తప్పుగా వేస్తే చేప వెనక్కి జారిపోతుంది.

చందువా సముద్రంలోకి వెళ్ళింది. కొర్రమీను మంచినీళ్ళలోకి వెళ్ళింది. పండుగప్ప దగ్గర మూడో బెంచీలో తనూజ లేచి నిలబడింది.

"అది రెండిట్లోనూ ఉంటది టీచర్. ఏరు సముద్రంలో కలిసే కాడికి ఎక్కొచ్చుద్ది. మా నాన్న అక్కడే పడతాడు."

పాఠం కట్టిన టీచరు చేపలమ్మే ఇంటి పిల్లే, అయినా ఆమెకి తట్టలేదు. మాధవి అప్పటికప్పుడే మూడో పెట్టె గీసింది. ఆ రోజు ఇంటికెళ్తూ ఎంత పొంగిపోయిందో చెప్పడానికి మాటలు చాలవు.

ఎవరు బోర్డు దగ్గరికి రావాలో చెప్పేది చక్రం. అదీ వెబ్‌లో దొరికేదే. పేర్లన్నీ టైపు చేస్తే రంగురంగుల చక్రం తయారవుతుంది. నొక్కితే గిర్రున తిరుగుతుంది, ఎవరి పేరు దగ్గర ఆగితే వాళ్ళ వంతు. దానికి ముద్దు పిల్లలు, మొద్దు పిల్లలు ఉండరు. అందుకే మాధవికి అదంటే ఇష్టం.

ఆ ఇష్టానికి నవంబరులో మసి అంటింది. ఎవరో పెద్దలు చూడవస్తున్నారని, ప్రభుత్వ కోటా సీట్లలో చేరిన తొమ్మిది మంది పేర్లూ చక్రంలోంచి తీసెయ్యమన్నారు. ఆ తొమ్మిది మందీ బెస్తపాలెం పిల్లలే. వాళ్ళకి ఇంగ్లీషు తడబడుతుందని, బడి పరువు పోతుందని కారణం చెప్పారు. ఉద్యోగం కొత్త, నోరు లేవలేదు, తీసేసింది. చక్రం ఆరుసార్లు తిరిగింది. తిరిగిన ప్రతిసారీ తొమ్మిది మంది పిల్లలు వెన్ను నిటారుగా పెట్టుకుని, తమ పేరు రాదా అని రెప్ప వాల్చకుండా చూశారు.

మర్నాడు తనూజ టేబుల్ దగ్గరికి వచ్చింది.

"టీచర్, నిన్న సక్రంలో నా పేరు లేదేంటండీ? మొత్తం చదివాను."

"పేర్లు ఎక్కువైతే పట్టవమ్మా," అని అబద్ధమాడింది మాధవి.

పిల్ల కాసేపు ఆలోచించింది. "అయితే నా పేరు సన్నగా రాయండి టీచర్. సన్నగా అయితే పట్టుద్ది."

మాధవి ఆ తొమ్మిది పేర్లూ మళ్ళీ చక్రంలో చేర్చింది గానీ, ఆ పూట అన్నం సహించలేదు. తను చిన్న తరగతులు చదివేటప్పుడు ఊరి బడికి ఇన్‌స్పెక్టరు వచ్చే ముందురోజు మాస్టారు పాలెం పిల్లల్ని పక్కకి పిలిచి, "రేపు మీకు సెలవర్రా," అనేవారు. మిగతావాళ్ళకి బడి, వీళ్ళకి సెలవు. గెంతుకుంటూ ఇంటికి పోయి తల్లికి చెబితే, నాంచారమ్మ ఎండుచేపలు తిరగేస్తూ మురిసిపోయేది. "మంచి సారే. మనోళ్ళని సూసి సెలవిచ్చాడు," అనేది. ఒక్కసారి కాదు, ఏటా అలాగే మురిసింది. ఆ సెలవు ఏమిటో కూతురికి ఇరవై ఏళ్ళ తరవాత, తొమ్మిది పేర్లు తన వేలితో తుడిచాక గానీ అర్థం కాలేదు. ఇప్పుడు పిల్లల్ని ఇంటికి పంపక్కర్లేదు కూడా. బెంచీ మీదే కూర్చోబెట్టి సెలవివ్వొచ్చు.

"మీకు చెప్పేది వినపడుతోందా మాధవి గారూ?" సత్యవేణి గారి గొంతు తగ్గింది. "మీ ఒరిజినల్ సర్టిఫికెట్లు కరస్పాండెంట్ గారి బీరువాలో ఉన్నాయి. వచ్చే నెల గవర్నమెంటు పోస్టుకి వెరిఫికేషన్ అన్నారు కదా. ఇవాళ ఆయనకి కోపమొస్తే అవి ఎప్పుడు బయటికొస్తాయో నేను చెప్పలేను. ఆ చక్రం పాస్‌వర్డ్ ఇవ్వండి, నేనే తీస్తాను. ఆ పాపమేదో నాకే ఉండనివ్వండి."

"ఇవ్వనండి."

"మా తాతగారి కాలం నుంచీ బడిపంతుళ్ళమండీ మేము. ఇది తప్పని నాకు తెలీదనుకున్నారా?"

"తెలుసు కదండీ. మరి ఆ ముక్క ఆయనతో ఎందుకు చెప్పరు?"

సత్యవేణి గారు కళ్ళద్దాలు తీసి చీర కొంగుతో తుడుచుకుంటూ వెళ్ళిపోయారు.

పదిన్నరకి గది నిండింది. ఇస్త్రీ చొక్కాల తండ్రులు, హ్యాండ్‌బ్యాగుల తల్లులు వెనక వరస కుర్చీల్లో సర్దుకున్నారు. కరస్పాండెంటు జగన్మోహనరావు గారు కెమెరా వైపు తిరిగి గొంతు సవరించుకున్నారు.

"మా స్కూల్లో టీచరు ఏ పిల్లనీ సెలెక్ట్ చెయ్యదండీ. కంప్యూటరే చేస్తుంది. మాకు పిల్లలందరూ ఒక్కటే."

మాధవికి నవ్వూ మంటా కలిసి వచ్చాయి. తన ఫోన్‌ని బోర్డుకి కలిపి చక్రం తెరిచింది. ముప్ఫై ఎనిమిది పేర్లు. ముక్కలు సన్నగా, అక్షరాలు ఇరుగ్గా, రంగులు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ కనిపించాయి.

ఆయన చిరునవ్వు అలాగే పెట్టుకుని దగ్గరికి వచ్చారు.

"ఏంటిది?"

"క్లాసండీ. ముప్ఫై ఎనిమిది మంది."

"మీకేం చెప్పాం?"

"చెప్పారండీ. నేను తియ్యలేదు."

ఇంత నెమ్మదిగా, ఇంత తేలిగ్గా ఆ మాట నోట్లోంచి వస్తుందని మాధవే అనుకోలేదు. ఆయన గుమ్మం దగ్గరున్న అటెండరు సత్తయ్యకి కళ్ళతో సైగ చేశారు. సత్తయ్య ముందు మాధవి వైపు, తరవాత నేల వైపు చూసి, వరండాలో ఉన్న ఆ గది మెయిన్ స్విచ్ వైపు నడిచాడు. బోర్డు నల్లబడింది. పైన ఫ్యాను ఆగిపోయింది.

"కరెంటు పోయినట్టుందండీ. ఈలోగా అందరూ కాఫీకి రండి," అన్నారు జగన్మోహనరావు గారు.

కుర్చీలు కిర్రుమన్నాయి. ముందు బెంచీలో సాయిశరణ్ అనే పిల్లాడు కిటికీలోంచి తొంగిచూశాడు. "కరెంటు ఉందండీ! ఎదుటి క్లాసులో ఫ్యాను తిరుగుతోంది," అని పెద్దగా అరిచాడు.

లేచిన తల్లిదండ్రులు ఎక్కడివాళ్ళక్కడ ఆగారు. ఒకావిడ తన భర్త మొహం చూసింది. సత్యవేణి గారు తలుపు పక్కన నిలబడి కళ్ళద్దాలు మళ్ళీ తుడుచుకోసాగారు.

మాధవి ఫోన్ని బోర్డు నుంచి విడదీసి, మూడో బెంచీ దగ్గరికి నడిచింది. చక్రం చిన్న తెర మీద అలాగే ఉంది. ఫోన్‌ని పిల్ల చేతిలో పెట్టింది.

"తనూజా, ఇవాళ నువ్వు తిప్పమ్మా."

తనూజ చూపుడు వేలు గౌనుకి తుడుచుకుంది. కానీ వెంటనే నొక్కలేదు. రెండు వేళ్ళతో తెరని పెద్దది చేసి, అంచు వెంట ఒక్కో పేరూ పెదాలు కదుపుతూ చదవడం మొదలుపెట్టింది. వీడియో తీసే కుర్రవాడు కెమెరా ఆపడం మరిచిపోయాడు.

"ఉంది టీచర్," అంది తనూజ. "సన్నగా ఉంది. కానీ ఉంది."

"నీదొక్కటేనా? అందరివీ సన్నగానే ఉన్నాయి, చూడు."

పిల్ల చూసింది. నిజమే అన్నట్టు తల ఊపి, చక్రాన్ని మళ్ళీ చిన్నది చేసి నొక్కింది. ముప్ఫై ఏడు మందీ బెంచీలు దిగి ఆమె చుట్టూ మూగారు. వెనక నుంచి హ్యాండ్‌బ్యాగు ఆవిడ కూడా రెండడుగులు ముందుకొచ్చి, పిల్లల తలల మీదుగా మెడ చాచింది.

"మాధవి గారూ, ఆ ఫోన్ ఇటివ్వండి." జగన్మోహనరావు గారి చెయ్యి పిల్లల మధ్యలోంచి చాపుకుని వచ్చింది.

మాధవి వెనక్కి తిరగలేదు. తనూజ అరచేతిలో చక్రం గిర్రున తిరుగుతోంది. రంగులన్నీ కలిసిపోయి ఏ పేరు ఎవరిదో కనిపించడం లేదు.

"ఆగనివ్వండి సార్," అంది. "మా క్లాసులో చక్రం ఆగేదాకా ఎవరూ ముట్టుకోరు."