షెడ్డులో గన్

ఆ పొద్దున ఆకాశం మాడిన పెనంలా ఉంది. చుక్క మాత్రం రాల్చలేదు. లొరేన్ వంటింటి కిటికీలోంచి షెడ్డు వైపే చూస్తోంది.

లోపల ఆమె తమ్ముడు డెల్మర్. నాలుగు రోజులుగా కన్ను మూయలేదు. ట్రాక్టరు కీళ్లు ఏడుస్తున్నాయంటూ, గ్రీజు కొట్టిన చోటే మళ్లీ కొడుతున్నాడు. ఇందాక కాఫీ ఇవ్వబోతే, "దగ్గరికి రాకక్కా, నిన్నూ నమ్మను" అన్నాడు.

ఫోను చేయడానికి ఆమెకు చేయి రాలేదు. కిందటేడు పక్క పొలం వెర్నన్‌కు ఇలాగే మతి చెదిరితే పెళ్లాం ఫోను చేసింది. పోలీసులు వచ్చారు. అతని చేతిలో ఉన్నది పానా అని తెలిసేసరికే అతను వాళ్ల తూటాకు నేలకొరిగాడు.

చివరికి అత్యవసర నంబరు, తొమ్మిది ఒకటి ఒకటి, నొక్కింది. అవతల ఆడమనిషి నిదానంగా అన్నీ అడిగింది. అతని చేతిలో ఏమైనా ఉందా అంది.

"గన్ ఉంది." ఆ పొలాల్లో దాన్ని అందరూ అలాగే అంటారు.

"నిండుగా ఉందా?"

"ఉంది. తెల్లారగానే నింపాడు."

అవతల గొంతు మారింది. ఇంట్లోనే ఉండండి, పోలీసులు బయలుదేరుతున్నారు అంది. అప్పుడు గాని తానన్న మాట లొరేన్ చెవిన పడలేదు.

"తుపాకీ కాదమ్మా, గ్రీజు గన్. ట్రాక్టరుకు కొట్టేది. వాళ్లను రానివ్వకు."

తుపాకులేమైనా ఉన్నాయా అని ఆమె రెండుసార్లు అడిగింది. లేవంది లొరేన్ రెండుసార్లూ.

"మా నాన్నా దాన్ని గన్ అనే అనేవాడు," అంది అవతలామె. "పోలీసుల్ని ఆపుతున్నాను. ఇలాంటివి చూసేవాళ్లు వేరే ఉన్నారు, వాళ్లను కలుపుతాను. ఫోను పెట్టేయకండి."

ఆపారో లేదో ఎలా తెలుస్తుంది? చాలాసేపటికి మట్టిరోడ్డు మీద దుమ్ము లేచింది. బండి గుట్ట దిగేదాకా లొరేన్ దాని నెత్తిన పోలీసు దీపాలున్నాయా అనే చూసింది. లేవు. తెల్ల వ్యాను. ఒడెస్సా అనే నడివయసు నర్సూ, ఒక పొడుగాటాయనా దిగారు. ఇద్దరి నడుముకూ ఏమీ లేదు.

ఒడెస్సా షెడ్డు బయటే బకెట్టు బోర్లించుకుని కూర్చుంది.

"ఏ కీలు ఏడుస్తోందయ్యా?"

"నీకూ వినబడుతోందా?"

"లేదు. నీకు వినబడుతోంది కదా, ఎంత అలిసిపోయుంటావో. ఇంకెన్ని మిగిలాయి?"

డెల్మర్ ఆలోచించాడు. "ఒకటి."

"కానివ్వు. అయ్యాక ఏదన్నా తిందాం. తిన్నాక నిద్ర సంగతి చూద్దాం."

"మళ్లీ గుడ్లేనా?" అన్నాడు డెల్మర్, బయట నిలబడ్డ అక్క వైపు తిరగకుండానే.

ఆ ఒక్క కీలూ అయ్యాక నలుగురూ వంటింట్లో బల్ల దగ్గర కూర్చున్నారు. గ్రీజు గన్ అతని కంచం పక్కనే ఉంది. తీయమని ఎవరూ అనలేదు. లొరేన్ చేతి వణుకు తగ్గక, ఫోర్కు కంచానికి తగిలి టకటకమంటోంది. డెల్మర్ కాసేపు ఆ చప్పుడు, కీలు ఏడుపు విన్నట్టే విన్నాడు. వెన్న గిన్నె ఆమె వైపు జరిపాడు.