మా ఆవిడ చెయ్యి పెట్టింది

"మాస్టారొస్తున్నారు, లోపలికి పో" అన్నాడు మా ఆయన.

అప్పుడు నేను ఆ మాస్టారి పాత కారు కిందే ఉన్నాను. పొద్దుటి నుంచి ఒక్కదాన్నే తంటాలుపడి గేర్‌బాక్స్ దించి, అరిగిపోయిన క్లచ్ ప్లేటు ఊడదీసి, కొత్తది చేతిలోకి తీసుకున్నాను. దాన్నలాగే గోనెపట్టా మీద పెట్టి, వీపు మీద పాక్కుంటూ బయటికొచ్చి, వంటింట్లోకి పోయాను. మా షెడ్డుకీ వంటింటికీ మధ్య ఒక్క తలుపే.

మా ఆయన నడుం పడిపోయాక బరువు పనులన్నీ నా మీదికొచ్చాయి. మొదట స్పానర్లు అందించాను. తర్వాత బోల్టులు విప్పాను. ఆ తర్వాత జాకీ పెట్టి గేర్‌బాక్సులు దించాను. ఆయనకి మిగిలింది స్టూలు మీద కూర్చుని బేరం మాట్లాడ్డం. అయినా కస్టమర్ గుమ్మంలోకొస్తే నేను వంటమనిషిని. మా అత్తగారు పెట్టిన కట్టుబాటు అది. "చేస్తే చేశావు గానీ నలుగురి కంటా పడకు. పెళ్ళాం కష్టం తింటున్నాడంటారు నా కొడుకుని." తింటున్నాడు కదా అత్తయ్యా, అని నేనెప్పుడూ అనలేదు. గోళ్ళ సందుల్లో నలుపు పోయేదాకా కిరసనాయిలుతో రుద్ది, సబ్బుతో రుద్ది వంటకి దిగితే మళ్ళీ ఆవిడే, "ఏమిటే ఈ వాసన, ఇంజినాయిలు పోసి వండావా?" అనేది. అవతల మా ఆయన "నేను దించిన గేర్‌బాక్స్ మళ్ళీ నా దగ్గరికి రాదండీ" అంటుంటే, తలుపు వెనక గిన్నెలు తోముతూ వినేదాన్ని. కోపం కూడా వచ్చేది కాదు. ఆయన పేరు నిలబడితే ఇల్లు నిలబడుతుందని నాకు నేనే చెప్పుకునేదాన్ని. ఆ ఇంట్లో నేనెక్కడ నిలబడ్డానో మాత్రం చూసుకోలేదు.

ఆరోజు మాస్టారు తొందరగా కదల్లేదు. "ఏమోయ్, నిన్ను కారు కింద నేనెప్పుడూ చూడలేదు సుమా!" అన్నారు నవ్వుతూ. మా ఆయనకి పౌరుషం పొడుచుకొచ్చింది. నడుం పట్టుకుని మూలుగుతూ కిందికి దూరాడు. నేను వదిలేసిన కొత్త ప్లేటు ఎక్కించి, దానిమీద ప్రెషర్ ప్లేటు మూసి బోల్టులు బిగించేశాడు.

క్లచ్ ప్లేటుకి రెండు వైపులూ ఒకలా ఉండవు. మధ్యలో స్ప్రింగులున్న ఎత్తు గేర్‌బాక్స్ వైపు రావాలి. తిప్పి పెడితే ఆ ఎత్తు ఇంజిన్ చక్రానికి రాసుకుంటుంది, పెడల్ ఎంత తొక్కినా క్లచ్ సరిగా వదలదు, గేరు పడదు.

మాస్టారు వెళ్ళాక, "ప్లేటు ఏ వైపు పెట్టారు?" అనడిగాను.

"నిన్ను చేసుకోకముందు నుంచీ పెడుతున్నాను. నాకే నేర్పుతున్నావా?"

"ఒక్కసారి విప్పి చూస్తాను."

"మొగుడి మాట మీద ఆ మాత్రం నమ్మకం లేదుటే?" వంటింట్లోంచి అత్తగారు.

నోరు మూసుకుని గేర్‌బాక్స్ ఎత్తి బిగించాను. సాయంత్రం ఆయన నడిపి చూస్తే గేరు గరగరమంది. "కొత్త ప్లేటు కదా, సర్దుకుంటుంది" అని బండిని మాస్టారింటి దగ్గర వదిలొచ్చాడు. సర్దుకోవడం నాకు తెలుసు. ఇనుముకి తెలీదు.

మర్నాడు మాస్టారు ఆ కారుని నలుగురి చేత తోయించుకుంటూ వచ్చారు. అలవాటుగా నేను లోపలికి పోయాను.

"ఏం చేశావయ్యా నా బండిని? గేరు పడి చావదు! నడిరోడ్డు మీద నవ్వులపాలయ్యాను. చేతకాకపోతే చెప్పు, ఇంకో షెడ్డుకి పోతాను."

మా ఆయన గొంతు కూడా తగ్గించలేదు. "నా తప్పు కాదండీ మాస్టారూ. నిన్న మీరెళ్ళాక మా ఆవిడ చెయ్యి పెట్టింది. ఆడవాళ్ళ పని ఇలాగే ఏడుస్తుంది."

తోముతున్న గిన్నె కింద పెట్టేశాను. నేను ఈ పని చేస్తానని ఆయన బయటి మనిషికి చెప్పడం అదే మొదటిసారి. ఆగకుండా పరిగెత్తిన బళ్ళన్నీ ఆయనవి, ఆగిపోయిన ఈ ఒక్కటీ నాది. ఏడుపొస్తుందనుకున్నాను, రాలేదు. ఆ ప్లేటు పెట్టింది ఆయనేనని అరిస్తే ఏమవుతుంది? మొగుడూ పెళ్ళాల తగువవుతుంది. మాస్టారు విసుక్కుని పోతారు. నేను మళ్ళీ గిన్నెల దగ్గరికే. కాదంటే ఈ తప్పుతో పాటు నేను చేసినవన్నీ పోతాయి. అవునంటే?

తడి చేతులతోనే షెడ్డులోకి వచ్చాను.

"అవునండీ, నేనే చేశాను."

నేను తన మాట నిలబెట్టినందుకు మా ఆయన తలూపాడు.

"ఈ కారొక్కటే కాదు. పోయినేడు మీ బ్రేకులు నేనే చేశాను. డాక్టరుగారి వ్యాను గేర్‌బాక్స్ నేనే దించాను. ఆయన నడుం పడిపోయిన దగ్గర్నుంచీ ఈ షెడ్డులో బాగుపడ్డ ప్రతి బండీ నేను చేసిందే."

ఊగుతున్న తల ఆగిపోయింది. "దాని మాటలకేంటండీ..." అని మొదలుపెట్టాడు గానీ, ఇందాక తనన్న మాటే అడ్డొచ్చింది. వెనక నుంచి అత్తగారు, "తీసింది, పరువు తీసింది!" అంటోంది.

మాస్టారు ఆయన చేతులు చూశారు, నా చేతులు చూశారు. కారు తీసుకుపోతారేమో, ఈ వీధిలో ఇంకెవరూ మా గడప తొక్కరేమో అని భయపడ్డాను.

"బ్రేకులు ఇప్పటికీ బాగానే పడుతున్నాయమ్మా" అన్నారు చివరికి. "మరి దీన్నెందుకిలా చేశావు?"

"ప్లేటు తిరగబడింది. సాయంత్రానికి సరిచేస్తాను. కూర్చునే చూడండి."

మాస్టారు కూర్చున్నారు. నేను కారు కిందికి దూరాను. లోపల ఏమీ కనబడటం లేదు. బయట మా ఆయన కాళ్ళు రెండూ ఎటు కదలాలో తెలీనట్టు ఉన్నాయి.

"ఏవండీ, లైటు ఇటు పట్టండి" అన్నాను.

ఆ కాళ్ళు ముందు గుమ్మం వైపు తిరిగాయి. తర్వాత, నేలమీద లైటు వైరు ఈడ్చుకొస్తున్న చప్పుడు వినబడింది.